ఐదు నిమిషాలే

జూన్ 3, మంగళవారం

పొద్దున లేచి పక్క తడిమితే మళ్ళీ తడి. నిన్నటి దుప్పటీ మొన్నటి దుప్పటీ బాల్కనీ తీగ మీద ఇంకా ఆరనేలేదు. బట్టలుతికే మిషన్లో ఇవాళ్టిది కుక్కి మూత పెట్టాను. ఏ మీట నొక్కాలో తెలియక మా ఆవిణ్ణే పిలిచి అడిగాను. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో బట్టల సంగతి చూసింది తనే కదా. మిషను వంక కాసేపు చూసి, "దీన్ని ఎవరు తెచ్చి పెట్టారండీ మనింట్లో?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో మాత్రం తెలియలేదు.

డాక్టరు మతిమరుపుకి ఏదో పెద్ద పేరు చెప్పి ఏడాది దాటింది. ఇప్పుడు బాత్రూంకి వెళ్ళాలన్నది కూడా చెప్పలేకపోతోంది. ఇలాంటివి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకుంటాను.

చివరికి బక్కెట్లో నానబెట్టి చేత్తోనే పిండాను. తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో ఈ వయసులో తెలిసొచ్చింది. నడుం పట్టేసి మధ్యాహ్నం దాకా వంగలేకపోయాను.

జూన్ 4, బుధవారం

ఎదురు ఫ్లాటావిడ వచ్చింది. "చెకింగ్ గారూ, మీ బాల్కనీలో రోజూ దుప్పట్లే కనిపిస్తున్నాయి. అక్కయ్యగారికి ఒంట్లో బాగాలేదా? మీకు పనుంటే చెప్పండి, నేనొచ్చి కాసేపు కూర్చుంటాను" అంది. నిక్షేపంలా ఉందని చెప్పి తలుపేశాను. రిటైరయ్యేదాకా సిటీ బస్సుల్లో టికెట్లు చెక్ చేసినవాణ్ణి. నన్ను చూసి జనం జేబులు తడుముకునేవాళ్ళు గానీ, నేను ఎవరి ముందూ చెయ్యి చాచింది లేదు.

దుప్పట్లు లోపలికి తెచ్చి కుర్చీల మీద ఆరేశాను. ఇల్లంతా ముక్కిన వాసన.

జూన్ 8, ఆదివారం

మరదలు ఫోన్ చేసింది. అక్క ఏం తింటోంది, ఎన్నిసార్లు లేస్తోంది, అన్నీ కూపీ లాగింది. హెడ్మిస్ట్రెస్ కదా, పిల్లల్ని నిలబెట్టి అడిగినట్టే అడుగుతుంది. దుప్పట్ల సంగతి నోరు జారాను. పట్టుకుంది.

వాళ్ళ ఊళ్ళో ఉన్నట్టే ఇక్కడా పెద్దవాళ్ళున్న ఇళ్ళకి వ్యాన్ పంపించి బట్టలు పట్టుకెళ్ళే లాండ్రీ ఉందట. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తిరిగి తెచ్చిస్తారట. ఫోన్లోనే మాట్లాడి కుదిర్చేసింది. నేను వద్దంటూనే ఉన్నాను. "గొప్పలకి పోకండి బావగారూ. ఉతుకుడు తప్పితే మీకు కాస్త ఊపిరి ఆడుతుంది. ఆ టైము అక్క దగ్గర కూర్చోండి" అంది.

అసలు మాట చివర్లో అంది. అక్కని తన దగ్గరికి పంపించమని. తనది మెట్లెక్కనక్కర్లేని ఇల్లట, పనిమనుషులున్నారట. "నేను బతికుండగా తను ఈ గుమ్మం దాటదు" అన్నాను.

"సరే. కానీ మీ వల్ల కాని రోజొస్తే నా దగ్గర దాచకండి. దాచారని తెలిస్తే మాత్రం ఆ రోజే వచ్చి తీసుకెళ్ళిపోతాను" అంది.

దాచేదేముంది మధ్యలో.

జూన్ 10, మంగళవారం

వ్యాన్ వచ్చింది. నడిపేది ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులు. మా లిఫ్టు చెడిపోయి ఎన్నాళ్ళయిందో, బాగుచేయించే నాథుడు లేడు. పైగా వ్యాన్ వదిలి రాకూడదట, ఓసారి సంచులు ఎవరో ఎత్తుకుపోయారట. "రెండుసార్లు హారన్ కొడతాను, మీరు సంచీ తెచ్చి ఇచ్చేయండి బాబాయ్‌గారూ. మంగళవారం, శుక్రవారం" అంది. మేం ఉండేది నాలుగో అంతస్తు. సరేనన్నాను. సంచీ దిగడం సుఖమే, నేను ఎక్కడమే కష్టం.

జూన్ 13, శుక్రవారం

బట్టలొచ్చాయి. కాగితంలో చుట్టి, మడత చెదరకుండా, ఇంకా వెచ్చగా. ఒక్కోదానికీ మూల మీద చిన్న నంబరు చీటీ పిన్నుతో గుచ్చి ఉంది. దుప్పటి మొహానికి ఆనించుకుని కాసేపు నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుప్పటి చూసి ఏడ్చే మగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తను ఇస్త్రీ మడత మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. ఆఫీసులో పదవీ విరమణ దాకా టైపిస్టు. మాటలు పోతున్నాయి గానీ వేళ్ళు పోలేదు. లైను చివర చెయ్యి పక్కకి జరుపుతుంది కూడా. ఎవరికి ఏం టైపు చేస్తోందని అడిగితే, "ఉండండి, పైనుంచి అర్జంటుగా అడిగారు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తను ఎందుకు నవ్విందో మరి.

మరదలికి ఫోన్ చేసి, నీ ఆలోచన బాగుందని ఒప్పుకున్నాను.

జూన్ 17, మంగళవారం

సంచీ ఇచ్చి పైకొచ్చేసరికి గుమ్మంలోనే గ్యాసు వాసన. స్టవ్ రెండు మీటలూ తిప్పి ఉన్నాయి, మంట లేదు. తను పక్కనే నిలబడి కప్పులు సర్దుతోంది. "టీ పెడుతున్నానండీ, మీరు డ్యూటీకి వెళ్ళాలిగా" అంది.

కిటికీలన్నీ తీశాను. ఆ తర్వాత చాలా అరిచాను. తను చెవులు మూసుకుంది.

జూన్ 20, శుక్రవారం

గ్యాసు సిలిండర్ దగ్గరే కట్టేసి వెళ్ళాను. ఇవాళ బాల్కనీ. స్టూలు వేసుకుని ఒక కాలు పైన పెట్టింది, చేతిలో నా తువ్వాలు. తీగ ఖాళీగా కనిపించేసరికి ఆరేద్దామనుకుందట. నేను ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి ఉంటే అన్న ఆలోచన సాయంత్రం దాకా వదల్లేదు.

బాల్కనీ తలుపుకి తాళం వేస్తే గుద్దుతుంది, అరుస్తుంది. బయటి నుంచి తాళం వేసినా అంతే. ఎదురింటావిడ చెవులు అసలే పాము చెవులు. ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టొచ్చు, అడిగింది కూడా. కానీ ఇవాళ పిలిస్తే రేపు బిల్డింగంతా మా పక్కదుప్పటి గురించే చెప్పుకుంటారు. తను ఎలాంటి మనిషి. ఆఫీసుకి చీర మడత చెరగకుండా వెళ్ళొచ్చిన మనిషి. ఆ పరువన్నా నేను కాపాడాలా వద్దా.

జూన్ 24, మంగళవారం

ఇవాళ ఒక ఏర్పాటు చేశాను. చిరిగిన పాత దుప్పటి ఒకటి ఉంటే నిలువుగా పట్టీలు చింపాను. హారన్ మోగగానే తనని మంచం మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ మంచం ఊచలకి వదులుగా. నా రెండు వేళ్ళు దూరేంత వదులుగా.

"ఎందుకండీ?" అంది.

"ఐదు నిమిషాలే. ఇదిగో, వచ్చేస్తా" అన్నాను.

పైకొచ్చేసరికి ఉన్నచోటే ఉంది. స్టవ్ స్టవ్‌లా ఉంది, స్టూలు స్టూలులా ఉంది. ఊపిరి పీల్చుకున్నాను. కారులో బెల్టు పెట్టుకోమా? ఇదీ అంతే. తన క్షేమం కోసమే.

జూన్ 27, శుక్రవారం

అదే ఏర్పాటు.

జూలై 1, మంగళవారం

సంచీ ఇచ్చాక సందు చివర టీ కొట్టు దాకా వెళ్ళాను. నాతో పనిచేసిన కండక్టరు కనిపించాడు. మనిషి మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నేను టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాణ్ణని పాత కబుర్లు గుర్తుచేశాడు. నిజమే, టికెట్ లేనివాడు కిటికీలోంచి చూస్తాడు, ఉన్నవాడు నన్ను చూస్తాడు. రెండో టీ కూడా తాగాం.

పైకొస్తే తను అలాగే ఉంది. వేళ్ళు గాల్లో టైపు చేస్తున్నాయి. ఏం ఇబ్బంది పడ్డట్టు లేదు.

జూలై 5, శనివారం

ఇవాళ వ్యాన్ రోజు కాదు. అయినా.

జూలై 7, సోమవారం

మధ్యాహ్నం కంటి నిండా నిద్రపోయాను. ఎన్ని నెలలైంది ఇలా పడుకుని. నేను ఒంట్లో బాగుంటేనే కదా తనని చూసుకునేది. లాండ్రీ వల్ల నిజంగానే ఊపిరి ఆడుతోంది, మరదలు అన్నట్టే.

జూలై 9, బుధవారం

తన చేతి వాచీ తీసి బీరువాలో పెట్టాను. అడ్డమొస్తోంది. రోజంతా ఖాళీ మణికట్టు తిప్పి చూసుకుంటూనే ఉంది. "టైమెంతయిందండీ?" అని అడుగుతుంది, చెప్పిన వెంటనే మళ్ళీ అడుగుతుంది.

పొడుగు చేతుల నైటీలు రెండు తెచ్చాను. మరదలు ఫోన్లో చూసి, ఇంత ఉక్కలో అవేంటి బావగారూ అంది. చలి అంటోంది అన్నాను.

జూలై 11, శుక్రవారం

హారన్ మోగేసరికి పక్క మొత్తం తడి. ఆవిడ కింద మోగిస్తూనే ఉంది. చేతికందినదంతా చుట్టచుట్టి సంచీలో కుక్కి పరిగెత్తాను. తిరిగొచ్చాక చూస్తే పట్టీలు లేవు. మంచం కింద వెతికాను, బాత్రూంలో వెతికాను. దుప్పటితోపాటే వెళ్ళిపోయాయి.

ఫోన్ చేసి అడుగుదామా, ఏమని అడుగుతాను.

జూలై 15, మంగళవారం

మూడు రోజులు తిండి సహించలేదు. ఇవాళ హారన్ వినగానే దిగాను.

వ్యాన్ ఆవిడ బట్టల కట్ట ఇచ్చి, సీటు మీది నుంచి వేరే కవరు తీసింది. లోపల రెండు పట్టీలు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, సమానంగా మడిచి ఉన్నాయి. ఒక్కోదానికీ మా నంబరు చీటీ.

"కర్టెన్లకి కట్టే పట్టీలు కదా బాబాయ్‌గారూ, చిన్నవి, పోతాయని విడిగా పెట్టించాను" అంది.

అవునన్నాను.

"మా ఇస్త్రీ ఆవిడ ఒక మాట చెప్పమందండీ. ముడుచుకుపోయి ముడతలు ఓ పట్టాన పోలేదట. మరీ బిగించి కట్టకండి, కర్టెన్ గుడ్డ నలిగి పాడైపోతుంది."

అలాగే అన్నాను. వ్యాన్ అద్దంలో నా మొహం కనపడింది. నేను పక్కింటి గేటు వైపు చూస్తున్నాను.

పైకొచ్చి ఆ పట్టీలతో కర్టెన్లు రెండూ దగ్గరికి లాగి కట్టేశాను. గదిలోకి వెలుతురొచ్చింది, బాగానే ఉంది. ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు.

జూలై 16, బుధవారం

కర్టెన్లకైతే వెతుక్కోనక్కర్లేదు. మంచం పక్కనే. పని కాగానే మళ్ళీ అక్కడే కట్టేస్తున్నాను.

జూలై 18, శుక్రవారం

వ్యాన్ ఆవిడ ఫోన్లో రికార్డు చేయడానికి రెడీగా ఉంది. మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళకి ఈ లాండ్రీ ఎలా పనికొస్తుందో నన్ను నాలుగు ముక్కలు చెప్పమంది. అందరికీ పంపిస్తారట, ఇంకా ఇలాంటివాళ్ళు ధైర్యం చేసి చేరతారట. ముందు మొహమాటపడ్డాను. తర్వాత వ్యాన్ నీడలో నిలబడి చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. తడి దుప్పటి బరువు, నడుం నొప్పి, ఆ మొదటిరోజు వెచ్చటి మడత, అన్నీ చెప్పాను. ఉతికే టైములో ఆమె పక్కన కూర్చోగలుగుతున్నానని, చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతున్నానని చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మధ్యలో ఫోన్ ఆగిపోతే మొదట్నుంచీ మళ్ళీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

దారినపోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. ఒకాయన, మీలాంటి భర్త దొరకడం ఆవిడ అదృష్టం అన్నాడు.

జూలై 19, శనివారం

నిన్న పైకి వెళ్ళాక జరిగింది రాయను.

జూలై 20, ఆదివారం

మణికట్లకి కొబ్బరినూనె రాశాను. తగ్గిపోతుంది.

జూలై 23, బుధవారం

ఇప్పుడు గొడవ చేయడం లేదు. మొదట్లో కాస్త విదిలించుకునేది, ఎందుకండీ అనేది. అదంతా పోయింది. అలవాటైంది. ఒక రకంగా తనకీ నిశ్చింతగా ఉందేమో అనిపిస్తుంది. ఇల్లంతా తిరిగి దేనికోసమో వెతుక్కునే బాధ తప్పిందిగా.

మెట్ల దగ్గర ఎదురింటావిడ ఆపింది. మధ్యాహ్నాలు అక్కయ్యగారు ఎవరినో పిలుస్తున్నట్టుంది అంది. టీవీ అన్నాను. మా టీవీ చెడిపోయిన సంగతి ఆవిడకి తెలుసు. ఆవిడ కొడుకే వచ్చి చూసి వెళ్ళాడు.

జూలై 27, ఆదివారం

కలలో బస్సు. నేను చెకింగ్‌కి ఎక్కాను. అన్ని సీట్లలోనూ తనే కూర్చుని ఉంది, అన్ని చోట్లా టికెట్ చూపిస్తోంది. టికెట్ ఎవరి దగ్గర లేదో రాయక్కర్లేదు.

జూలై 30, బుధవారం

మరదలు వస్తోంది. నా మాటలు తన ఫోన్ దాకా చేరాయట, స్కూల్లో టీచర్లందరికీ వినిపించిందట. "మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను బావగారూ. అక్కని తీసుకెళ్ళాలన్నది ఇంక నేను అనను. మీ దగ్గరే ఉండనివ్వండి" అంది.

ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట.

మరదలు ఉన్నన్నాళ్ళూ తనకి పొడుగు చేతులే వేస్తాను. మచ్చలు చాలావరకు తగ్గాయి. పట్టీలు కర్టెన్లకి ఉన్నాయి, అవి కర్టెన్ పట్టీలే. మరదలు వెళ్ళాక అవి పారేస్తాను. నిజంగా పారేస్తాను. ఎదురింటావిణ్ణే అడుగుతాను.

ఆగస్టు 1, శుక్రవారం

మరదలు పొద్దున్నే దిగింది. తను చెల్లెల్ని గుర్తుపట్టింది. పేరు రాలేదు గానీ, గడ్డం పట్టుకుని, "చిక్కిపోయావేమే" అంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని ఒకే కప్పులో కాఫీ తాగారు. చాలా రోజులకి ఇంట్లో గలగలమని మాటలు వినిపించాయి. నాకూ సంతోషమేసింది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషమేసింది.

మరదలు ఇల్లంతా చూసింది. "కర్టెన్లకి పట్టీలు కూడా కట్టారే. ఉద్యోగంలో ఉన్నప్పుడు మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో తెలియని మనిషి" అని వేళాకోళమాడింది. నేను నవ్వాను.

తర్వాత కుర్చీ వేసుకుని అక్కకి తల దువ్వడం మొదలుపెట్టింది. నేను సంచీ కడుతున్నాను.

హారన్ మోగింది. రెండుసార్లు.

తను లేచింది. దువ్వెన ఇంకా జుట్టులోనే ఉంది. చెల్లెలి చేతుల్లోంచి జుట్టు విడిపించుకుని, మంచం దగ్గరికి నడిచి, ఊచల వైపు జరిగి కూర్చుంది. నైటీ చేతులు తనే పైకి లాక్కుంది. రెండు మణికట్లూ పక్కపక్కన పెట్టి ముందుకి చాచింది.

మరదలికి మొదట ఏమీ అర్థం కాలేదు. చేతులు కడుక్కోవాలా అక్కా అని అడిగింది. తను తల అడ్డంగా ఊపి, కర్టెన్ వైపు గడ్డంతో చూపించింది. చిన్నపిల్లకి పని నేర్పేటప్పుడు ఉండే ఓపిక ఉంది ఆ మొహంలో.

"కట్టవే. ఐదు నిమిషాలే" అంది.

నేను సంచీ ముడి పట్టుకుని ఉన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

మరదలు లేచి కర్టెన్ పట్టీ విప్పింది. చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. అక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక మణికట్టు చూసింది, రెండోది చూసింది. ఆ పట్టీ ఎంత వెడల్పుందో చర్మం మీది మచ్చ కూడా అంతే వెడల్పు. తను మాత్రం చేతులు దించలేదు, కట్టేదాకా అలా పట్టుకునే ఉండాలని తనకి తెలుసు.

కింద హారన్ మళ్ళీ మోగింది.

"వెళ్ళండి బావగారూ. ఆవిడ ఎదురుచూస్తోంది" అంది మరదలు. గొంతు పెంచలేదు.

వెళ్ళాను. వ్యాన్ ఆవిడ నవ్వుతూ, మీ మాటలు విని మన సందులోనే ఇంకో మూడు ఇళ్ళు చేరాయి బాబాయ్‌గారూ అంది. సంచీ ఇచ్చి మెట్లెక్కాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. బెల్లు కొట్టలేదు. మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఎవరో ఏడుస్తున్నారు, తను కాదు. తను ఏదో సముదాయిస్తోంది.

ఎదురింటావిడ తలుపు తీసింది. నన్ను చూసి ఏమీ అడగకుండా మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయింది.

ఆగస్టు 2, శనివారం

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. వ్యాన్ వచ్చినప్పుడు మాత్రమే అన్నాను. నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు, చాలామంది మొహాల మీదికి నేనే విసిరిన చూపది. అప్పుడు అంతా చెప్పేశాను. మధ్యాహ్నాలు, టీ కొట్టు, నేను వ్యాన్ నీడలో చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతున్నానని చెప్పిన రోజు. ఆ రోజు పైకొచ్చేసరికి తను విడిపించుకోవాలని గింజుకుని పక్కకి ఒరిగి, ఒక చేతి మీద వేలాడుతోంది. నన్ను చూసి, "లేటయిందాండీ? ఫర్వాలేదు" అంది.

ఇదిగో, రాసేశాను.

"ఎదురింటి తలుపు ఎంత దూరం బావగారూ?" అని అడిగింది మరదలు.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ చచ్చిపోయానని రాసుకోవడం కూడా తేలికే, మళ్ళీ కాఫీ తాగుతాం, మళ్ళీ పడుకుంటాం.

మంగళవారం తీసుకెళ్తానంది. వద్దనడానికి నోరు రాలేదు. నేనూ వస్తానని అనాలనుకున్నాను. రమ్మంటుందేమోనని చూశాను. రమ్మనలేదు.

ఆగస్టు 4, సోమవారం

బట్టలు సర్దాం. అన్నిటికీ లాండ్రీ చీటీలు ఉన్నాయి, ఒక్కోటీ పిన్ను తీసి ఇచ్చాను. పొడుగు చేతుల నైటీలు మరదలు పక్కన పెట్టేసింది. బీరువాలోంచి వాచీ తెచ్చి తన చేతికి పెట్టాను. వదులైపోయింది, మోచేతి దాకా జారుతోంది. తను చెవి దగ్గర పెట్టుకుని విని, చాలా సంతోషపడింది.

ఆగస్టు 5, మంగళవారం

కారు కిందికొచ్చింది. మరదలు పెట్టెలు దింపించింది. తనకి చెప్పులు తొడిగాను. ఎక్కడికండీ అని అడిగింది, చెల్లెలింటికి అన్నాను. మీరు రారా అంది. రెండో చెప్పు సరిచేశాను.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఏదో మర్చిపోయిన మనిషిలా వెనక్కి వచ్చింది. మరదలు పిలుస్తున్నా వినకుండా లోపలి గదిలోకి వెళ్ళి కర్టెన్ పట్టీ ఒకటి విప్పి తెచ్చింది. నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. నేను కూర్చున్నాను. నా ఎడమ మణికట్టు చుట్టూ పట్టీ తిప్పింది, ఊచ చుట్టూ తిప్పింది. ముడి ఎంతకీ పడలేదు. వేళ్ళు తడబడ్డాయి. మూడోసారికో నాలుగోసారికో ఏదో పడింది. తన రెండు వేళ్ళు లోపల దూర్చి చూసుకుంది, మరీ బిగుతుగా లేదు కదా అని.

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆపలేదు.

నా తల నిమిరింది. "ఐదు నిమిషాలే" అంది. "ఇదిగో, వచ్చేస్తా."

అచ్చం నా గొంతే.

మెట్ల మీద అక్కాచెల్లెళ్ళ అడుగుల చప్పుడు చాలాసేపు వినిపించింది. కారు తలుపు పడింది. ఎదురింటావిడ వచ్చి గుమ్మంలోంచి చూసి, విప్పనా చెకింగ్ గారూ అని అడిగింది. వద్దన్నాను.

కుడి చెయ్యి ఖాళీ కనక ఇది రాయగలుగుతున్నాను. ముడి వదులుగానే ఉంది. కొంచెం లాగితే ఊడి వచ్చేస్తుంది. లాగలేదు. ఒక కర్టెన్ దగ్గరగా ఉంది, రెండోది విడిపోయి గాలికి ఊగుతోంది.

హారన్ మోగింది. మళ్ళీ మోగింది. బాబాయ్‌గారూ అని కింది నుంచి పిలుస్తోంది.

తను వచ్చేస్తానంది. కూర్చున్నాను.